ఏడో బావి చార్టుల వెనక

మా రికార్డు గదిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన ఆవిడని ఆఫీసంతా చక్రాలమ్మ అనేది. ముఖం మీద కాదులెండి, చాటున. ముఖం మీద అనే గుండె ఎవరికుంది? కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి ఒక్క చూపు చూసిందంటే మా ఆఫీసరు కూడా తనేం అడగడానికి వచ్చాడో మరిచిపోయి, "అబ్బే, ఏం లేదు, ఊరికే ఇటొచ్చాను" అంటూ వెనక్కి తిరిగేవాడు. నేను మాత్రం అక్కా అని పిలిచేవాణ్ణి. ఆవిడ నన్ను తమ్ముడూ అనేది, కోపమొస్తే మహానుభావా అనేది. వారంలో నాలుగు రోజులు మహానుభావుణ్ణే.

ఆ పేరు ఎందుకొచ్చిందో ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది తలకెక్కదు. గ్యాసు బావి దగ్గర గొట్టానికి ఒక పెట్టె బిగించి ఉండేది. అందులో గడియారం మీద గుండ్రటి కాగితం తిరుగుతూ ఉంటుంది. నీలం కలం ఒకటి, ఎర్ర కలం ఒకటి దాని మీద గీతలు గీస్తూ పోతాయి. ఇరవై నాలుగు గంటలకి కాగితం ఒక చుట్టు తిరుగుతుంది. రోజూ పొద్దున్నే ఒక మనిషి వెళ్ళి పాత కాగితం తీసి కొత్తది పెట్టి రావాలి. ఆ మనిషిని గేజుమాన్ అనేవాళ్ళం, ఆ కాగితాన్ని చార్టు అనేవాళ్ళం. నీలం గీత గొట్టంలో ఒత్తిడి చెబుతుంది, ఎర్ర గీత గ్యాసు ఎంత జోరుగా పోతోందో చెబుతుంది. రెండూ చూసి ఆ రోజు ఆ బావి ఎంత గ్యాసు ఇచ్చిందో లెక్క కట్టడం చక్రాలమ్మ పని. ఆవిడ కట్టిన లెక్కే ఆ బావి ఉత్పత్తి రికార్డు. దాన్ని కాదనేవాడు లేడు.

అలాంటి బావులు అరవై. అంటే రోజుకి అరవై చక్రాలు. ఒక చేతిలో ప్లాస్టిక్ స్కేలు, ఇంకో చేతి కింద కాలిక్యులేటరు. గీత మీద కన్ను పెడితే పక్కన పిడుగు పడినా తల ఎత్తదు. లెక్క అయిపోగానే కాగితం మధ్యలో ఉన్న కన్నంలోంచి ఇనుప తీగకి గుచ్చేది, ముఖం పైకి, వీపు కిందికి. నెల నిండాక తీగ కొసలు మెలిపెట్టి, బావి నంబరూ నెలా రాసిన అట్టముక్క కట్టి గోడ కొక్కేనికి తగిలించేది. అలా గదినిండా వందలకొద్దీ తీగలు వేలాడుతూ ఉండేవి. ఆ తీగల మధ్య నడవాలంటే నాలాంటి లావుపాటి వాడు పక్కకి తిరగాల్సిందే.

బావుల గురించి ఆవిడ ఇంటి కోడళ్ళ గురించి చెప్పినట్టు చెప్పేది. "పన్నెండోది ఒట్టి బద్ధకస్తురాలు. ముప్పై నాలుగు గయ్యాళి, ఎప్పుడు ఎగురుతుందో ఎప్పుడు కూలబడుతుందో దానికే తెలీదు. ఏడోది మొండిది గానీ మంచిది తమ్ముడూ" అనేది. ఇంత చెప్పే మనిషి ఒక్క బావినీ కళ్ళతో చూడలేదు. వెళ్ళి చూడాలనిపించలేదా అని ఒకసారి అడిగాను. "చూసి ఏం చేయను? గీత చూస్తే చాలు. మనుషుల్ని చూస్తే జాలేస్తుంది, లెక్క పాడవుతుంది" అంది.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి "లెక్క కుదరలేదు" అని చెప్పి నోరు మూయించేది. నర్సుగా పనిచేసే చెల్లెలితో రెండు గదుల ఇంట్లో ఉండేది. ఆ ఇంట్లో గిన్నెలు కూడా సైజువారీగా బోర్లించి ఉంటాయని నేను వెళ్ళినప్పుడు చూశాను. చీరకి పిన్ను ఎక్కడ పెట్టుకోవాలో అక్కడే పెట్టుకునేది. బస్సు ఆలస్యమైతే బస్సు మీద కాదు, తన మీద కోపం తెచ్చుకునేది.

కంప్యూటర్లు వచ్చాయి. బావుల దగ్గర పెట్టెలు మారిపోయాయి, అంకెలు వాటంతటవే తెర మీదికి రావడం మొదలుపెట్టాయి. చక్రాలమ్మ చేతికింద పాత చార్టులు మిగిలాయి. వాటిని యంత్రంలో పెట్టి బొమ్మలు తీయడానికి నన్ను వేశారు. నన్ను ఆ గదికి పంపింది నా తెలివి చూసి కాదు, నా నోరు చూసి. పై శాఖలో ఉన్నప్పుడు ఒక మీటింగులో అనకూడని మాట ఒకటి అన్నాను. నిజమే అన్నాను, అది వేరే సంగతి.

ఆవిడకి ఉన్న గర్వమల్లా ఒక్కటే. ఇన్నేళ్ళలో తన లెక్కని ఎవరూ వేలెత్తి చూపలేదు. రిటైర్మెంటు మూడు నెలల్లోకి వచ్చింది. వీడ్కోలు రోజున ఇవ్వడానికి "ముప్పై ఒక్క ఏళ్ళు, ఒక్క పొరపాటు లేదు" అని ఇత్తడి పలక చెక్కించమని ఆఫీసరు పురమాయించాడు. "ఎందుకండీ నాకివన్నీ" అని ఆయన ముందు ముఖం చిట్లించింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి అక్షరాలు ఎంత పెద్దవో కనుక్కోమంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఏడో బావి పూర్తిగా ఎండిపోయింది. దానితోపాటు ఇంకో పదకొండు బావుల్లో సిమెంటు పోసి మూసేశారు. మూసిన బావుల పాత కాగితాలు నెలాఖరుకి ముక్కలు చేసేస్తామని, చూసుకోవాల్సినవాళ్ళు ఈలోగా వచ్చి చూసుకోవచ్చని పేపర్లో ప్రకటన వేశారు. ఎవరొస్తారు? ఎవరూ రారనే అనుకున్నాం. ప్రకటన వేసింది కూడా అందుకే.

నాలుగో రోజున ఒక పెద్దాయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెడ దాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు. పక్కన నలభై దాటిన కూతురు. ఆ అమ్మాయికి బట్టలు కుట్టే దుకాణం ఉందట, కొలిచే టేపు మెడలోనే ఉండిపోయింది. కిటికీ దగ్గర దరఖాస్తు కాగితం నాకిచ్చింది. "ఏడో నంబరు సహజవాయు బావి, ఉత్పత్తి రికార్డు" అని రాసి ఉంది. కారణం అన్న చోట ఖాళీ.

"ఎందుకో రాయాలమ్మా" అన్నాను.

"చూసుకోవడానికి."

"అది కారణం కాదు."

"రికార్డులు చూసుకోవడానికి కాకపోతే మరి దేనికుంటాయండీ, అందంగా వేలాడదీయడానికా?"

ఆ నోరు చూసి నాకు నా మీద నాకే జాలేసింది. "చూసుకోవడానికి" అని నేనే రాసేసి లోపలికి రమ్మన్నాను.

తెర మీద ఏడో బావి అంకెలు తెచ్చాను. నెలకొక వరస. బావికి వయసు మీద పడేకొద్దీ అంకె కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చింది. ఇరవై రెండేళ్ళ కిందటి ఒక్క నెలలో మాత్రం ఉన్నట్టుండి బాగా పైకి లేచి, మరుసటి నెల మళ్ళీ మామూలుగా కిందికి వచ్చింది. దాని పక్కన చుక్క గుర్తు, "అనుమానాస్పదం" అన్న మాట. పెద్దాయన ఆ వరస మీద వేలు పెట్టాడు.

"ఇదే బాబూ. ఈ నెల చార్టులు ఒకసారి చూడాలి."

నేను నోరు తెరిచేలోగా వెనకనించి చక్రాలమ్మ గొంతు వినపడింది.

"ఆ నెల లెక్కలో తప్పేం లేదండీ. లెక్క సరిగ్గానే ఉంది. గీతలే ఇంటి గీతలు."

ఇంటి గీత అంటే ఆ పనిలో పెద్ద తిట్టు. బావి దాకా వెళ్ళే ఓపిక లేని గేజుమాన్ ఇంట్లోనే కూర్చుని చార్టు మీద చేత్తో గీతలు గీసి పంపేస్తే దాన్ని అలా అంటారు. అలా చేసేవాళ్ళు లేకపోలేదు. దొరికినవాళ్ళని తోటివాళ్ళు కూడా పక్కన కూర్చోనిచ్చేవారు కాదు.

కూతురు మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది. "గీసింది ఈయనే అన్నారండీ. మా నాన్న" అంది.

ఇలాంటి చోట నేనైతే ఏదో ఒక జోకు వేసి పరువు పోగొట్టుకునేవాణ్ణి. ఆ రోజు లేచి ఆయనకి కుర్చీ లాగి వేశాను.

"నేను పోట్లాడ్డానికి రాలేదమ్మా" అన్నాడు పెద్దాయన. కూర్చోమంటే కూర్చుని, జరిగింది చెప్పాడు. ఏడో బావికి గేజుమాన్ ఆయనే. ఎనిమిదేళ్ళు రోజూ పొద్దున్నే సైకిలు మీద వెళ్ళాడు. ఆ ఏడాది వానలకి బావిలో నీళ్ళు చేరి గ్యాసు బాగా తగ్గింది, ఎర్ర గీత అడుగంటింది. గొట్టంలో కన్నమున్న ఉక్కు రేకు ఒకటి ఉంటుంది, గ్యాసు ఆ కన్నంలోంచి దూరి పోవాలి. గీత మరీ అడుక్కి పోతే చదవడం కష్టం కాబట్టి, అప్పుడు చిన్న కన్నమున్న రేకు వేస్తారు. వేయగానే గీత పైకి లేస్తుంది, గ్యాసు పెరిగి కాదు, దారి ఇరుకై. రేకులు మార్చడానికి వేరే మనుషులున్నారు, మార్చాక చీటీ రాస్తారు. వాళ్ళు వారం దాకా రాలేమన్నారు. ఇంజనీరు ఫోనులో నువ్వే మార్చెయ్ అన్నాడు. ఈయన మార్చాడు. పదకొండు రోజుల తర్వాత బావిలో నీళ్ళు తోడించి, మళ్ళీ పాత రేకే బిగించాడు.

ఆ నెలాఖరుకి ఏడో బావి లెక్క ఆకాశంలో ఉంది. గొట్టం అవతలి కొసన పెద్ద మీటరు చూస్తే అంత గ్యాసు రానే లేదు. పై వాళ్ళు విచారణ పెట్టారు. రేకు మార్చానని ఈయన అన్నాడు. విప్పి చూస్తే పాత రేకే ఉంది. చీటీ లేదు. ఇంజనీరు అప్పటికే వేరే చోటికి బదిలీ అయ్యాడు, ఆయన్ని ఎవరూ అడగలేదు.

"చార్టులో రాశానండీ అన్నాను. అక్కణ్ణించి మీ ఆఫీసుకి ఫోను చేశారు. అలాంటిదేమీ రాసి లేదని చెప్పారు. ఉద్యోగం తీసెయ్యలేదు, బావి తీసేసుకున్నారు. గేటు దగ్గర వచ్చేపోయే లారీల నంబర్లు రాయమని కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అదే రాశాను."

"మరి ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకు?" అన్నాను నేను, నోరు ఊరుకోక.

"ముక్కలు చేసేస్తారటగా." అన్నాడు. "నిజంగా రాశానో, రాశాననుకున్నానో నాకే తెలీడం లేదు బాబూ. మొదట్లో రాశానని ప్రమాణం చేసేవాణ్ణి. తర్వాత్తర్వాత, చదివేవాళ్ళు లేదంటున్నారంటే లేదనే కదా అనిపించింది. వాళ్ళకేం పని నా మీద అబద్ధం చెప్పడానికి?"

"స్టవ్వు ఆపాడో లేదో నాలుగుసార్లు చూసుకుంటాడండీ" అంది కూతురు. "తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొస్తాడు. అప్పట్నించే."

చక్రాలమ్మ వెళ్ళి ఆ నెల తీగ తీసుకొచ్చింది. బల్ల మీద పెట్టి ఒక్కొక్క చార్టూ ఎత్తి చూపించింది. ముప్పై ఒక్క ముఖాలు. రేకు సైజు రాయడానికి ముందువైపే చిన్న గడి అచ్చువేసి ఉంటుంది, అది ఖాళీగా ఉంటే పాత రేకే ఉందని లెక్క కడతారు. తొమ్మిదో తారీఖు చార్టులో ఆ గడి ఖాళీ. పదోదిలో ఖాళీ. "ఇదిగోండి, నేను అప్పుడూ చూశాను" అంది. మాట నెమ్మదిగానే ఉంది గానీ అందులో కోర్టు తీర్పు ఉంది.

పెద్దాయన చేయి చాపి తొమ్మిదో చార్టు అంచు పట్టుకున్నాడు. దాన్ని తిరగెయ్యబోయాడు. తీగ బిగువుగా ఉంది, కాగితం వంగిందే గానీ తిరగలేదు.

"తీగ విప్పొచ్చా అమ్మా?"

"వెనకెందుకండీ?"

"మేం వెనకేగా రాసేది. నాకు పని నేర్పిన ఆయన చెప్పేవాడు, ముందువైపు బావి రాసుకునేది, మనిషి దాని జోలికి పోకూడదు, మనం రాసేదేమున్నా వెనకే రాయాలి అని." కాగితం వదిలేసి చేయి వెనక్కి తీసుకున్నాడు. "మీరే చూడండమ్మా. లేకపోతే లేదని మా అమ్మాయికి చెప్పండి. నాకు చెప్పకండి." అని తల పక్కకి తిప్పుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

చక్రాలమ్మ తీగ మెలి విప్పింది. ఇరవై రెండేళ్ళ తుప్పు ఆవిడ వేళ్ళకంటింది. తొమ్మిదో చార్టు తీసి తిరగేసింది. నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి నాకు కాగితం కనపడలేదు, ఆవిడ ముఖం కనపడింది. ఇన్నాళ్ళ పరిచయంలో ఆ ముఖం అలా పాలిపోవడం నేను చూడలేదు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది.

ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఆ నిమిషంలో ఆవిడ ఏమీ లేదని కాగితం బోర్లించేస్తుందేమో అనుకున్నాను. అడిగేవాడు లేడు. పెద్దాయన కిటికీ చూస్తున్నాడు, కూతురు తండ్రిని చూస్తోంది. నెలాఖరుకి ఆ కాగితం పిప్పి అయిపోతుంది. నేనైతే ఏం చేసేవాణ్ణో చెప్పలేను, చెప్పగలనని గొప్పలు పోను కూడా.

చక్రాలమ్మ గట్టిగా చదివింది. "బావిలో నీళ్ళు చేరినవి. ఎర్ర గీత అడుగంటినది. ఇంజనీరు గారి ఫోను మీద అంగుళం రేకు తీసి ముప్పావు అంగుళం రేకు వేసితిని. ఉదయం ఏడూ పది." పదోది తిప్పింది. "ముప్పావు రేకే." పదకొండోది తిప్పింది. "ముప్పావు రేకే. వాన." అలా ఒక్కొక్కటే తిప్పుతూ ఇరవయ్యో తారీఖు దాకా చదివింది. "నీళ్ళు తోడించిరి. తిరిగి అంగుళం రేకు వేసితిని."

పెద్దాయన కిటికీ నుంచి తల తిప్పలేదు. కూతురు ఆయన భుజం మీద చేయి వేసి "నాన్నా, ఉంది. నాన్నా, రాశావు" అంటూ ఏడ్చేసింది.

"ఈ లెక్క కట్టింది నేనే" అంది చక్రాలమ్మ. "రాసి లేదని ఫోనులో చెప్పింది కూడా నేనే. వెనక్కి తిప్పలేదు. ఎప్పుడూ తిప్పలేదండీ."

ఆయన అప్పుడు తిరిగి ఆవిడ వంక చూశాడు. కోప్పడతాడని నేను లేచి నిలబడ్డాను. ఆయన అడిగింది వేరే.

"అయితే మిగతావి కూడా చదవలేదా? ఎనిమిదేళ్ళవీ?"

"లేదండీ."

"నేను రోజూ రాసేవాణ్ణి. వాల్వు కారుతోందని, పెట్టెలో చీమలు పట్టాయని, గడియారం రెండు నిమిషాలు వెనకబడుతోందని. అవతల ఎవరో చదువుతున్నారనుకునేవాణ్ణి." ఉద్యోగం మారిన సంగతి కన్నా దానికే ఆయన ఎక్కువ నొచ్చుకున్నట్టు నాకనిపించింది.

వాళ్ళు వెళ్ళాక చక్రాలమ్మ స్కేలు తీసింది. ముప్పావు అంగుళం రేకుతో ఆ పదకొండు రోజుల లెక్కా మళ్ళీ మొదటినుంచీ కట్టింది. వచ్చిన మొత్తాన్ని అవతలి కొసన పెద్ద మీటరు చూపించిన అంకె పక్కన రాసింది. రెండూ దాదాపు ఒక్కటే. ఆవిడ కలం కింద పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "పిల్లకాయ లెక్క తమ్ముడూ. ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలిసేది. అంత మొండి బావి రాత్రికి రాత్రి ఎందుకు పెరుగుతుందని ఒక్కసారి అనుకోలేదు. గీత చెప్పింది కదా, ఇక మనిషి ఏం చెప్తే ఏంటనుకున్నా."

మర్నాడు సవరణ కాగితం తయారు చేసి ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్ళింది. తోడుగా నన్నూ లాక్కెళ్ళింది. ఆయన చదివి తల పట్టుకున్నాడు.

"చేతులు కాలాక ఆకులెందుకు మేడమ్? బావి మూసేశాం. ఆ మనిషి ఎప్పుడో రిటైరయ్యాడు. ఇప్పుడు పుట్టి మునిగిందేముంది?"

"మునిగింది ఆయనది సార్, మనది కాదు. అందుకే మనకి తెలీలేదు."

"పోనీ, 'రికార్డులో పొరపాటు' అని రాయండి. 'లెక్క కట్టినవారి పొరపాటు' అని ఎందుకు? పైగా మీ పేరు కూడా. అవతల పలక చెక్కేశారండీ!"

"చెక్కింది అరగదీయించండి" అంది ఆవిడ. "పొరపాటు రికార్డు చేయదు సార్, మనిషి చేస్తాడు. ఆయన విషయంలో అప్పుడు పేరు రాశారుగా. నా పేరూ రాయండి."

ఆఫీసరు నా వంక చూశాడు, వీడన్నా నచ్చచెప్తాడని. నా నోటి మీద ఆయనకున్న నమ్మకం అది. నేను పైకప్పు చూశాను. ఆయన సంతకం పెట్టాడు. తెర మీద ఆ నెల అంకె మారింది, చుక్క గుర్తు పోయింది, "అనుమానాస్పదం" పోయింది. ఏడో బావి వరస పైనించి కిందిదాకా ఎక్కడా ఎగరకుండా చక్కగా దిగుతూ వచ్చింది.

ఆ వారమంతా మేమిద్దరం గదిలో తీగలు విప్పుతూనే ఉన్నాం. లెక్క మారేంత పెద్ద రాత మరొకటి దొరకలేదు. ఉత్త మాటలు మాత్రం బోలెడు దొరికాయి. ఒక గేజుమాన్ తనకి కూతురు పుట్టిందని రాశాడు. ఒకాయన చలి గురించి తప్ప ఇంకేమీ రాయలేదు. చక్రాలమ్మ అన్నీ చదివింది. కొన్నిటికి నవ్వింది, కొన్నిటి దగ్గర ఆగిపోయింది. నేను టీ తెచ్చి పెడితే చల్లారిపోయింది.

సవరణ కాగితం నకలు పెద్దాయనకి పంపాం. అయిదో రోజున ఆయన ఆ కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక్కడే. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంది.

"బాగుందమ్మా. చాలాసార్లు చదివాను" అన్నాడు. "కానీ కాగితం చదివి నమ్మేవాళ్ళు కారు మా ఇంట్లోవాళ్ళు. కాగితమే కదా అప్పుడూ చెప్పింది. మీరు ఒక్కసారి వచ్చి మా ఆవిడతో మీ నోటితో చెప్తారా?"

ఆఫీసరు ముందు పులిలా నిలబడ్డ మనిషికి చెమటలు పట్టాయి. సంతకం పెట్టడం వేరు, ఒక ఇంటి గడప ఎక్కి ఇంటావిడ ముందు నిలబడటం వేరు. "వస్తానండీ" అంది చివరికి. నన్ను కూడా రమ్మంది. నేను నోరెత్తకూడదన్న షరతు మీద.

ఆదివారం సాయంత్రం వెళ్ళాం. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు. ముందు గదిలో కుట్టుమిషను, కుర్చీల నిండా కత్తిరించిన గుడ్డలు. కూతురు కంగారుగా అవి తీసి చోటు చేసింది. పెద్దాయన భార్య కింద చాప మీద కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది. బొద్దుగా ఉంది, ముఖం నిండా శాంతం. సూది ఆపకుండానే మమ్మల్ని చూసి నవ్వింది.

"ఎవరండీ వీళ్ళు?"

"ఆఫీసు నుంచి వచ్చారు. నీకో మాట చెప్తారట" అన్నాడు ఆయన, గోడకి ఆనుకుని నిలబడి.

చక్రాలమ్మ కూర్చోలేదు. చిలవలు పలవలు లేకుండా చెప్పింది. మీ ఆయన రోజూ బావి దగ్గరికి వెళ్ళారు, రేకు మార్చారు, మార్చినట్టు రాశారు. ఆ రాత నా చేతుల్లోంచే వెళ్ళింది, నేను చూడలేదు. అడిగితే లేదని చెప్పాను. ఆయన తప్పు రవ్వంత కూడా లేదు, అంతా నాదే. ఇంత చెప్పి, "నన్ను క్షమించండి అని అడిగే ముఖం కూడా నాకు లేదు" అంది.

ఆవిడ సూది ఆగిపోయింది.

"ఒక్కసారి తిప్పి చూస్తే ఏం పోయేదమ్మా?"

"ఏమీ పోయేది కాదండీ."

ఆవిడ చేతిలోని చొక్కాకేసి చూస్తూ ఉండిపోయింది. కూతురు మంచినీళ్ళు తెచ్చి ఎవరికివ్వాలో తెలీక పట్టుకుని నిలబడింది. నాకు తిట్లు పడతాయనిపించింది, పడితే బాగుండుననిపించింది. చక్రాలమ్మ కూడా వాటికోసమే ఎదురుచూస్తున్నట్టు తల వంచుకుని నిలబడింది.

"మిమ్మల్ని ఏమనగలను" అంది ఆవిడ చివరికి. "మీకు ఈయనెవరో తెలీదు. నేను ఈయనతో కాపురం చేశాను. ఇన్నేళ్ళలో ఈయన్ని ఒక్క మాట అనలేదమ్మా. ఎవరైనా ఎత్తితే 'అయిందేదో అయింది, వదిలెయ్యండి' అనేదాన్ని. ఈయనతోనూ అదే అనేదాన్ని. ఎంత ఓర్పు అనేవాళ్ళు అందరూ. అది ఓర్పు కాదు. ఈయన ఆ పని చేశాడనే అనుకున్నాను. చేశాడనుకునే క్షమించాను."

"అమ్మా!" అంది కూతురు.

"తెలుసు" అన్నాడు పెద్దాయన.

ఆవిడ తలెత్తింది. "తెలుసా?"

"తెలుసు. రాశారా లేదా అని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదుగా. నమ్మినవాళ్ళయితే అడుగుతారు." మాటలో కోపం లేదు. ఎన్నాళ్ళుగానో అక్కడే ఉన్న వస్తువుని చూపించినట్టు చెప్పాడు. "తర్వాత నాకే నమ్మకం పోయింది. ఇక నిన్నేమంటాను?"

ఆవిడ చొక్కా పక్కన పెట్టింది. చాప మీద చేయి ఆనించి లేచింది, మోకాళ్ళ నొప్పులేమో, లేవడానికి కొంచెంసేపు పట్టింది. వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. మేం అంతమందిమి అక్కడున్నామన్న సంగతే ఆవిడకి గుర్తున్నట్టు లేదు.

"ఇప్పుడడుగుతున్నా. రాశారా?"

ఆయన గోడ నించి వీపు తీశాడు.

"రాశాను" అన్నాడు.